మిస్ లార్‌వుడ్ దిద్దిన సున్నా

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. మా హాబ్లింగ్ మార్ష్‌లో మిస్ కెజియా లార్‌వుడ్ కళ్ళు నేను కాపురానికి వచ్చేటప్పటికే చేటంత అయి ఉన్నాయి. ఆవిడ పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. అయినా సరే, పిల్లలు చాలక బడి మూతపడి, ఆ భవనాన్ని లండన్ వాళ్ళెవరో ఇల్లు చేసుకోవడానికి కొనుక్కున్నప్పుడు, గోడ మీద ఆవిడ పేరుతో ఒక పలక పెట్టించాలని ఊరి కమిటీ తీర్మానం చేసింది. ముప్పై ఏడేళ్ళు ఒకే బడికి హెడ్‌మిస్ట్రెస్. పెళ్ళి చేసుకోలేదు. ఇంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. మిగతాది వెతికి ఒక పేజీ రాసిపెట్టమని నన్నడిగారు.

కౌంటీ దస్తావేజుల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషిని. పాత కాగితం వాసన చూస్తే నాకు ఆకలేస్తుందని మా ఆయన వెక్కిరించేవాడు. సరేనన్నాను.

ఈ సంగతి చర్చి వాళ్ళ నెల పత్రికలో పడిన రెండో రోజు పొద్దున్నే ఆడ్రీ మాలెట్ మా గుమ్మంలో నిలబడింది. మా వీధి చివర గేటు దగ్గర బల్ల వేసి కోడిగుడ్లు అమ్మే ముసలావిడ. ఇరవై ఏళ్ళుగా ఆవిడ దగ్గరే గుడ్లు కొంటున్నాను గాని, ఎండావానా గురించి తప్ప ఇంకో మాట మాట్లాడుకున్నది లేదు.

“ఆ లార్‌వుడ్ గురించి రాస్తన్నావంటగా పిల్లా?” అంది. నాకు అరవై మూడు. ఆవిడకి నేను పిల్లనే.

“రాయమన్నారు మిసెస్ మాలెట్. లోపలికి రండి.”

“లోపలికొస్తే టీ ఇస్తావు. నీ టీలో అల్లం ఉంటది. నాకొద్దు. ఒక్కటడిగి పోతా.” గొడుగు గుమ్మానికి ఆనించి, అక్కడే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. “మా నాయనమ్మ పేరు రోడా గాట్స్. విన్నావా ఎప్పుడైనా?”

“లేదండి.”

“విని ఉండవులే. చెడ్డపేరు వచ్చినవాళ్ళ గురించి కొత్తగా వచ్చినవాళ్ళకి ఎవరూ చెప్పరు. వెయ్యిన్ని తొమ్మిదొందల నాలుగులో ఊళ్ళో పిల్లలకి కంఠసర్పి, అదే డిఫ్తీరియా, వచ్చింది. ఆరుగురు పోయారు. మొదట పోయింది మా అత్త థర్జా. పదకొండేళ్ళది. ఒక్క రోజన్నా మానకుండా బడికెళ్ళే పిల్లలకి అప్పట్లో పతకాలిచ్చేవాళ్ళులే. మా అత్త ఆరేళ్ళు ఒక్క పూటైనా మానలేదు. ఏడో ఏడు కూడా నిండితే వెండి గడియారం. అదిగో, ఆ గడియారం మీద ఆశతో జబ్బుపిల్లని బడికి తోలి, ఊరి పిల్లలందరికీ అంటించిందని మా నాయనమ్మ మీద పడ్డారు.”

“మీ నాయనమ్మ ఏమనేది?”

“నేను తోల్లేదు, ఆ రోజు పిల్లని ఇంట్లోనే పడుకోబెట్టాను, మిస్సే స్వయంగా వచ్చి తీసుకుపోయింది, అనేది. మిస్సేమో, పిల్ల దానంతటదే వచ్చింది, నేనెక్కడికీ వెళ్ళలేదు, అంది. ఇద్దర్లో ఒకళ్ళు అబద్ధమాడారు. ఊరు ఎవర్ని నమ్మి ఉంటుందో నీకు చెప్పక్కర్లేదుగా.” గొడుగు చేతిలోకి తీసుకుంది. “నాకు ఎనభై రెండు. మా నాయనమ్మ అబద్ధమాడిందో లేదో తెలుసుకుని పోవాలి. నీ కాగితాల్లో ఎక్కడన్నా ఉందేమో చూడు. పలక మీద ఏం చెక్కించుకుంటారో చెక్కించుకోండి, నాకనవసరం.”

ఆవిడ వెళ్ళిపోయాక చాలాసేపు తలుపు వేయలేదు నేను. ఒకావిడ జీవితం వెతకమన్నారు, అందులో ఇంకొకావిడ పరువు ఇరుక్కుని ఉంది. దేన్ని ముందు వెతకాలో నాకు తెలిసిపోయింది.

మిస్ లార్‌వుడ్ పుట్టింది 1866లో, ఇక్కడికి పన్నెండు మైళ్ళ దూరంలో. బాప్టిజం రిజిస్టరులో తండ్రి వృత్తి బళ్ళ చక్రాలు చేసే వడ్రంగి అని ఉంది. 1881 జనాభా లెక్కల్లో వయసు పద్నాలుగు, వృత్తి ‘శిష్య ఉపాధ్యాయిని’. అంటే పగలు చిన్నపిల్లలకి చెప్పి, సాయంత్రం హెడ్‌మాస్టరు దగ్గర తను నేర్చుకోవడం. బీదింటి పిల్ల పొలం పని, పనిమనిషి పని తప్పించుకోవాలంటే అప్పట్లో ఉన్న ఒకే ఒక్క దారి అది. ఐదేళ్ళు అలా చేసి, పరీక్ష నెగ్గి, టీచర్ల శిక్షణ కళాశాలలో చేరింది. అక్కడి పుస్తకంలో ఆవిడ గురించి ఎవరో ఒకటే లైను రాశారు: “కచ్చితమైన మనిషి. నవ్వు తక్కువ.” ఇరవై మూడేళ్ళకి మా ఊరి బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చింది. ఉద్యోగంతో పాటే బడి పక్కన ఇల్లు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది.

పెళ్ళి చేసుకోలేదని ఊరు చెప్పుకుంటుంది గాని, చేసుకోబోయింది. ఇక్కడ పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో పేర్లు చదివి, ఎవరికన్నా అభ్యంతరమా అని అడుగుతారు. 1896 జూన్‌లో ఆ చాటింపుల పుస్తకంలో ఎడ్మండ్ స్పింక్స్, ధాన్యం వర్తకుడి గుమాస్తా, కెజియా లార్‌వుడ్ అని ఉంది. మొదటి ఆదివారం తేదీ వేశారు. రెండో ఆదివారం తేదీ వేశారు. మూడోది ఖాళీ. ఎందుకో ఏ కాగితమూ చెప్పదు. పెళ్ళైన ఆడదాన్ని టీచరుగా ఉంచుకోకపోవడం బడి యాజమాన్యం నియమం. మూడో చాటింపు అయితే ఆవిడ తాళంచెవులు అప్పగించాలి. ఆ వారం బడి దినచర్య పుస్తకంలో మాత్రం ఆవిడ చేత్తో ఇలా ఉంది: “హాజరు బాగా తక్కువ. పద్నాలుగు మంది బంగాళాదుంప చేలల్లో పక్షులు తోలడానికి పోయారు. నేను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాను.”

ఆ దినచర్య పుస్తకం గురించి చెప్పాలి. ప్రతి హెడ్‌టీచరూ తప్పకుండా రాయాలి. జరిగింది మాత్రమే రాయాలి, తన అభిప్రాయం గాని, సొంత గోడు గాని రాయకూడదని పై నుంచి గట్టి ఉత్తర్వు. చాలామంది ఆ ఉత్తర్వు ఖాతరు చేయక చలి మీద, ఫాదిరీ గారి మీద, తల్లుల మీద ఏడుస్తూ పేజీలు నింపారు. మిస్ లార్‌వుడ్ ముప్పై ఏడేళ్ళలో ఒక్క విశేషణం దొర్లనివ్వలేదు. తను బడి దాటి పది నిమిషాలు బయటికి వెళ్ళినా, ఎన్నింటికి వెళ్ళిందో ఎన్నింటికి వచ్చిందో, తను లేనప్పుడు బడి ఎవరి చేతిలో ఉందో రాసింది. అదీ నియమమే.

హాజరు మీద ఆవిడ పట్టుదల రానురాను పిచ్చిగా మారింది. పిల్లలు రాకపోతే ఇన్‌స్పెక్టరు ముఖం చిట్లిస్తాడు, బడికి మాటొస్తుంది. స్పింక్స్ గారితో పెళ్ళికి మూడో ఆదివారాన్ని వదులుకున్న మనిషికి బడికి మాట రావడమంటే ఎంతో మనం ఊహించుకోవచ్చు. 1898లో ఐదేళ్ళ థర్జా గాట్స్ బడిలో చేరింది. తండ్రి చిత్తడి నేలల్లో కాలవలు తవ్వే కూలీ. బడికి పది పదిహేను నిమిషాల నడకలో, కాలవ గట్టు మీద ఇల్లు. ఆ పిల్ల రోజూ వచ్చింది. మంచులో వచ్చింది, గట్టు తెగినప్పుడు తండ్రి భుజాల మీద ఎక్కి వచ్చింది. 1904 అక్టోబరులో దినచర్యలో: “కౌంటీ విద్యా కమిటీ అధ్యక్షుల వారు డిసెంబరు 16న విచ్చేసి, ఏడేళ్ళ సంపూర్ణ హాజరుకు టి. గాట్స్‌కు గడియారం బహూకరిస్తారు.” మా కౌంటీ మొత్తంలో ఆ ఏడు అలాంటి పిల్ల ఇంకొకతె లేదు.

నవంబరు 15, మంగళవారం: “టి. గాట్స్ గైర్హాజరు.” 17: “మరి నలుగురు గైర్హాజరు, గొంతు నొప్పి.” 18: “వైద్యాధికారి ఉత్తర్వుపై బడి మూసివేయడమైనది.” ఆ తర్వాత రెండు నెలల దాకా ఏమీ లేదు. మళ్ళీ జనవరి 23న: “బడి తెరిచాము. ఆరు పేర్లు హాజరుపట్టీ నుంచి తొలగించడమైనది.”

అంతే. బడిలో చేరిన పిల్లల రిజిస్టరులో, ‘బడి వదిలిన కారణం’ అనే గడిలో ఆరుసార్లు వరసగా ‘మృతి’ అని ఉంది. అన్నీ ఒకే సిరాతో, ఒకే రోజు కూర్చుని రాసినట్టున్నాయి. ఆ చేతిరాతలో వణుకేమన్నా ఉందేమోనని భూతద్దం పెట్టి చూశాను. లేదు.

యాజమాన్యం మినిట్స్ పుస్తకం ఫాదిరీ గారి పెట్టెలో దొరికింది. 1905 జనవరి 30 నాటి సమావేశం. “హెర్బర్ట్ గాట్స్ భార్య శ్రీమతి గాట్స్ హాజరై, నవంబరు 14 సోమవారం నాడు తాను బిడ్డను ఇంట ఉంచుకోగా, మిస్ లార్‌వుడ్ స్వయముగా గుమ్మం వద్దకు వచ్చి బిడ్డను తీసుకొని వెళ్ళినట్లు ఆరోపించినది. మిస్ లార్‌వుడ్‌ను పిలిచి అడుగగా, బిడ్డ తనంతట తానే వచ్చినదనియు, తాను ఆ ఉదయము బడి విడిచి వెళ్ళలేదనియు చెప్పినది. యాజమాన్యం సంతృప్తి చెందినది. ఇట్టి మాటలు మరల అనరాదని శ్రీమతి గాట్స్‌ను మందలించడమైనది.” తర్వాతి అంశం పొయ్యికి బొగ్గు.

ఐదుగురు మగవాళ్ళు బల్లకి అటు, కూలివాడి పెళ్ళాం ఇటు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలిసీ ఆవిడ వెళ్ళి చించుకుంది. ఊరి లెక్కలో పిల్లల్ని చంపినట్టూ అయింది, అబద్ధమాడినట్టూ అయింది.

సోమవారం 14. నేను దినచర్య పుస్తకంలో 15 నుంచి చదవడం మొదలుపెట్టాను కదా. వెనక్కి తిప్పాను. అదే చేత్తో, అదే సిరాతో: “నవంబరు 14. 9.35 నుంచి 10.05 వరకు బడిని సహాయోపాధ్యాయిని మిస్ డేన్స్ అధీనంలో ఉంచి వెళ్ళాను.”

ఎక్కడికి వెళ్ళిందో లేదు. ఎందుకో లేదు. కాని ఆ ఉదయం బడి విడిచి వెళ్ళలేదని యాజమాన్యానికి చెప్పిన మనిషి, వెళ్ళానని పుస్తకంలో రాసిపెట్టి ఉంది. అప్పటికి రెండున్నర నెలలుగా ఆ పుస్తకం ఆవిడ బీరువాలో ఉంది. ఆ ఐదుగురిలో ఒక్కరూ, ఏదీ ఆ పుస్తకం తెప్పించండి, అనలేదు. టీచరమ్మ మాట మీద పుస్తకం చూడాలనడం ఆవిణ్ణి అవమానించడం. ఈ దేశంలో మర్యాద చంపినంతమందిని కంఠసర్పి కూడా చంపలేదు.

అయినా అది సాక్ష్యం కాదు. ముప్పై ఏళ్ళు దస్తావేజుల మధ్య బతికినదాన్ని, నాకు తెలుసు. ఆ అరగంట ఆవిడ పోస్టాఫీసుకి వెళ్ళి ఉండొచ్చు. ఇంకొక కాగితం కావాలి. అది హాజరుపట్టీ. దినచర్యలు దాచేవారు గాని హాజరుపట్టీలు ఎవరూ దాచరు, ఏళ్ళు గడిచాక పొయ్యిలో పడేస్తారు. ఆశ వదులుకుని, బడి ఖాళీ చేసినప్పుడు కమిటీ వాళ్ళు అట్టపెట్టెల్లో వేసి ఉంచిన చెత్త చూడటానికి వెళ్ళాను. విరిగిన పలకలు, ఒక చర్చి గంట తాడు, ఎలకలు కొట్టిన పాటల పుస్తకాలు. అడుగున తోలు అట్టల హాజరుపట్టీలు పదకొండు ఉన్నాయి. 1904 ఉంది.

దీని పద్ధతి ఏమిటంటే, వచ్చిన పిల్లకి ఏటవాలు గీత. రాని పిల్లకి సున్నా. తొమ్మిదిన్నరకి పట్టీ మూసేయాలి. మూశాక వచ్చిన పిల్ల రానట్టే లెక్క. ఒకసారి వేసిన గుర్తు చాకుతో గీకకూడదు, చెరపకూడదు, దాని మీద దిద్దకూడదు. తప్పనిసరైతే దిద్ది, పేజీ కింద సంతకం పెట్టాలి. ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చి తలలు లెక్కపెట్టి గీతలతో పోల్చుకుంటాడు. పట్టీ తారుమారు చేసిన టీచరు సర్టిఫికెట్ రద్దు. ఆ తర్వాత ఆవిడకి ఏ బడీ ఉండదు. మిస్ లార్‌వుడ్ పట్టీలు పదకొండూ పేజీ పేజీ తిప్పాను. ఎక్కడా ఒక్క దిద్దుబాటు లేదు.

1904 నవంబరు పేజీలో ఉంది. థర్జా గాట్స్ వరసలో, ఏడాది పొడుగునా గీతల తర్వాత, 14వ తేదీ ఉదయం గడిలో గుండ్రటి సున్నా. ఆ సున్నా మీద అడ్డంగా గీత. పేజీ కింద సన్నని అక్షరాలతో: “దిద్దడమైనది. 10.05. కె. ఎల్.”

కుర్చీలో వెనక్కి వాలాను. తొమ్మిదిన్నరకి పట్టీ మూసింది, పిల్ల రాలేదు, సున్నా వేసింది. ఐదు నిమిషాలు ఆ సున్నాని చూస్తూ కూర్చుని ఉంటుంది. గడియారం నాలుగు వారాల్లో రాబోతోంది. 9.35కి లేచింది. కాలవ గట్టు మీది ఇంటికి వెళ్ళి రావడానికి అరగంట. 10.05కి సున్నా మీద గీత గీసింది. రోడా గాట్స్ చెప్పింది చెప్పినట్టు నిజం. దానికి సాక్షి సాక్షాత్తూ మిస్ లార్‌వుడ్.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటితో అబద్ధమాడగలిగిన మనిషి చేత్తో ఆడలేకపోయింది. ఆడి ఉంటే కనీసం పూర్తి దుర్మార్గురాలని తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆ రెండు పుస్తకాలూ బయట పెడితే ఒక తల్లికి తల ఎత్తుకునే వీలుండేది. ముప్పై ఆరేళ్ళు బతికింది ఆ తర్వాత. పెట్టలేదు.

కాని పుస్తకం అక్కడితో ఆగలేదు. 1905 నుంచి దినచర్య తీరు మారిపోయింది. “ఎ. లింగ్, దగ్గు, ఇంటికి పంపాను.” “ఇద్దరు ఫిషర్ పిల్లలు, జలుబు, ఇంటికి పంపాను.” “ఎఫ్. బర్డ్, గొంతు, ఇంటికి పంపాను. నేనే దింపి వచ్చాను.” పేజీల కొద్దీ, ఏళ్ళ కొద్దీ అదే. హాజరు పడిపోయింది. ఇన్‌స్పెక్టరు 1909లో ఒకసారి, 1913లో ఒకసారి ఘాటుగా రాశాడు: “ప్రధానోపాధ్యాయిని అల్పమైన కారణములకు పిల్లలను ఇంటికి పంపుచున్నారు.” ఆవిడ ఆ మందలింపుని ఉన్నదున్నట్టు దినచర్యలో ఎక్కించి, కింది లైనులో, “ఇ. గేజ్, తుమ్ములు, ఇంటికి పంపాను” అని రాసింది. పతకానికి ఆ తర్వాత ఆ బడి నుంచి ఒక్క పేరూ పంపలేదు. 1911 జనాభా లెక్కల ఫారం ఆవిడ తనే నింపింది. ఇంట్లో ఒక్కతే. జాలేసింది. వేసినందుకు నా మీద నాకే చిరాకేసింది.

1906 మార్చిలో ఇంకొకటి ఉంది. “శ్రీమతి ఆర్. గాట్స్‌ను బడి శుభ్రం చేయు పనికి నియమించడమైనది.” రోడా ఆ పని ఇరవై నాలుగేళ్ళు చేసింది. ఊరు దీన్ని ఎలా చెప్పుకుని ఉంటుందో వినకుండానే చెప్పగలను: చూశారా మిస్ పెద్దమనసు, తన మీద నిందేసిన దానికే కూడు పెట్టింది. శుక్రవారం సాయంత్రాలు బీరువా దులపడం కూడా ఆ పనిలో భాగమని నియామకం కింద రాసి ఉంది. దినచర్య, హాజరుపట్టీ ఉండేది ఆ బీరువాలోనే. చర్చి పెళ్ళిళ్ళ పుస్తకంలో 1892లో రోడా సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు ఉంది, పక్కన ‘ఆమె గుర్తు’ అని. చదువు రాని ఆ మనిషి తన నిర్దోషిత్వాన్ని వారం వారం చేత్తో తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ లోపల పెట్టింది.

కమిటీ అధ్యక్షుడికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. “చాలా ఆసక్తిగా ఉందండి. కాని పలక మీద పేరు, సంవత్సరాలకి తప్ప చోటు లేదు. ఆర్డరిచ్చేశాం కూడా,” అన్నాడు.

రెండు పుస్తకాలకీ ఫొటోకాపీలు తీయించుకుని, ఒక మంగళవారం మధ్యాహ్నం ఆడ్రీ మాలెట్ ఇంటికి వెళ్ళాను. వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నాకు ఒక గిన్నె, కొన్ని కాయలు ముందుకి తోసింది. ఇక్కడ ఖాళీ చేతులతో కూర్చున్నవాళ్ళతో ఎవరూ మాట్లాడరు.

“దొరికిందా?”

“దొరికింది.”

కాగితాలు పరిచి, సున్నా చూపించాను. గీత చూపించాను. 9.35, 10.05 చూపించాను. పట్టీ పద్ధతి ఏమిటో, దిద్దడం ఎంత పెద్ద తప్పో చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో ఆ గడి మీద రెండు మూడుసార్లు రుద్దింది, మచ్చ పోతుందేమోనన్నట్టు.

“మీ నాయనమ్మ అబద్ధమాడలేదు మిసెస్ మాలెట్. ఒక్క ముక్క కూడా,” అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఊరట పడుతుందనుకున్నాను. దారి పొడుగునా ఆ క్షణం కోసమే నడిచి వచ్చాను, ఒప్పుకోవాలి.

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఆడిందనే చెప్తావనుకున్నా పిల్లా,” అంది. “ఆడి ఉంటే బాగుండేది.”

నేను కాయలు వలిచాను.

“లార్‌వుడ్ చచ్చిపోయింది నలభై ఒకటిలో. నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మా నాన్నా ఫ్యాక్టరీలో ఉండేవాళ్ళు, యుద్ధం కదా. నేను నాయనమ్మ దగ్గర. శవం వెళ్తంటే వీధిలో అన్ని ఇళ్ళకీ కర్టెన్లు వేశారు, మర్యాదకి. మా ఇంటికి మాత్రం వేయలా. నాయనమ్మ కిటికీ దగ్గర నిలబడి బయటికే చూస్తంది. బడిపిల్లలందరం వరసలో నడుస్తన్నాం. పక్క పిల్లలు నన్ను పొడిచారు. గడియారం గాట్స్, గడియారం గాట్స్ అని. మా నాన్నని కూడా అట్లాగే పిలిచేవాళ్ళంట బడిలో. ఇంటికొచ్చి, నీ మూలంగా నాకు తలకొట్టేసినట్టుందే, కర్టెన్లెందుకు వేయలేదు, అని అరిచా.”

“ఆవిడేమన్నారు?”

“కూర్చోబెట్టుకుంది. నెమ్మదిగా చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని మందలించారు గాని నువ్వు నా మనవరాలివి, నీకు చెప్తా, అని. మిస్ ఈ గుమ్మంలోనే నిలబడిందమ్మా. పిల్లకి గొంతు నొప్పన్నా. పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుంటా, మధ్యాహ్నం గుర్తు కూడా పడగానే పంపించేస్తా, అంది. నేను కాదనలేకపోయా. కోటు గుండీలు నేనే పెట్టా. అంతవరకూ నాదే తప్పు. తోలింది మాత్రం నేను కాదు, అంది.” ఆడ్రీ గిన్నెలో గింజల్ని వేలితో అటూ ఇటూ తిప్పింది. “నేనేమన్నానో తెలుసా? అబద్ధాలకోరు ముసలిదానా, నువ్వే చంపావు అందర్నీ, అన్నా. లేచి వెళ్ళి నేనే కర్టెన్లు వేసేశా.”

బయట కోళ్ళు గోల చేస్తున్నాయి. ఆవిడ అటు చూడలేదు.

“ఆ తర్వాత ఏడేళ్ళు బతికింది మా నాయనమ్మ. రోజూ నాకు జడేసేది. మంచం పట్టినప్పుడు కూడా నా చేతి గంజే తాగింది. ఆ మాట మళ్ళీ ఎత్తలా. నాకే కాదు, ఎవరి దగ్గరా ఎత్తలా. నాతో చెప్పడమే ఆఖరు.”

“తొమ్మిదేళ్ళ పిల్ల మీరప్పుడు,” అన్నాను.

“తొమ్మిదేళ్ళప్పుడు అన్నా. పదహారేళ్ళప్పుడు పక్కనే కూర్చుని కూడా వెనక్కి తీసుకోలా. ఇదెవరి తప్పంటావ్?” అంది. కాగితాలన్నీ ఒక్కటిగా పేర్చి, అంచులు సమానం చేసి నా వైపు జరిపింది. వేలు వాటి మీదే ఉంచి అడిగింది.

“నేనా మాటన్నానని ఎక్కడా రాసి లేదు కదా?”

“లేదు. ఎక్కడుంటుంది?”

“అయితే నువ్వు రాయి,” అంది.